యురేనియం పోయాక మిగిలే పిప్పి

పినాకిని లోయ రాళ్ల కథ – 9వ భాగం

1872లో విలియం కింగ్ అనే భూవిజ్ఞాని కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. భారత భూవిజ్ఞాన సర్వేలో ఆయన ఉద్యోగి. ఆయనా, ఆయన తర్వాత వచ్చినవాళ్లూ ఇక్కడి రాతి పొరలకు ఇక్కడి ఊళ్ల పేర్లే పెట్టారు. అన్నిటికంటే అడుగున గువ్వలచెరువు. దాని మీద వేంపల్లె, ఆ పైన పులివెందుల, ఆ పైన తాడిపత్రి, తాడిపత్రి నెత్తిన గండికోట. మనకు తాడిపత్రి అంటే పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడు, చింతల వెంకటరమణుడు, బండల ఫ్యాక్టరీల మోత. కడప రాళ్లు చదివే విద్యార్థికి మాత్రం తాడిపత్రి అంటే సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగున పేరుకున్న బురద గట్టిపడి ఏర్పడిన షేల్ రాయి.

పోయిన భాగంలో పులివెందుల దగ్గరి రాతినార గనుల గురించి చెప్పుకున్నాం. కరిగిన శిల వేంపల్లె పొరలోకి చొచ్చుకొచ్చి, అక్కడి సున్నపు జాతి రాతిని కాల్చినచోట రాతినార పుట్టింది. ఈసారి అదే వేంపల్లె పొరలో మరో చోటికి వెళ్దాం. తాడిపత్రి పొర నుంచి రెండు మెట్లు దిగితే వచ్చే ఆ రాతిలో యురేనియం ఉంది. తాడిపత్రికి దక్షిణంగా, పులివెందుల దాటి, వేముల మండలం తుమ్మలపల్లెలో దాన్ని తవ్వుతున్నారు.

అది అక్కడికి ఎలా చేరిందో ముందు చెప్పాలి. వేంపల్లె పొర ఏర్పడే నాటికి ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. భూమి మీద చెట్టూ చేమా లేవు, జంతువు లేదు. నీళ్లలో పెరిగే సూక్ష్మజీవులు చాపల్లా పరుచుకుని, మట్టినీ సున్నాన్నీ పట్టుకుంటూ పొర మీద పొర కట్టేవి. ఆ చాపల గుర్తులు, స్ట్రొమాటొలైట్లు, ఆ రాతిలో ఇప్పటికీ కనిపిస్తాయి. చుట్టుపక్కల గ్రానైటు గుట్టల నుంచి వానలు కడిగి తెచ్చిన యురేనియం ఆ సముద్రంలో కలిసి, ఫాస్ఫేటుతోపాటు ఆ పొరల్లో చిక్కుకుంది. అలా యురేనియం పట్టిన రాయి సన్నటి పట్టీగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సుమారు 160 కిలోమీటర్లు సాగింది. హైదరాబాదు బేగంపేటలో ప్రధాన కార్యాలయం ఉన్న అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ వాళ్లు దశాబ్దాల పాటు బోర్లు వేసి ఈ పట్టీని వెతికి పట్టుకున్నారు. 2011 జులైలో అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ, తుమ్మలపల్లెలో 49,000 టన్నుల నిల్వ రూఢి అయిందనీ, అది మూడింతలు కావచ్చనీ ప్రకటించినప్పుడు దేశమంతా ఈ పల్లె పేరు విన్నది.

నిల్వ పెద్దదే గానీ రాయి పేదది. యురేనియం ఆక్సైడు దాదాపు 0.04 శాతం. టన్ను రాయి పిండి చేస్తే చేతికొచ్చేది 400 గ్రాముల లోపే. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగినదంతా దీని నుంచే వచ్చింది.

యురేనియం ఎందుకు ప్రమాదకరం అని అడిగితే చాలామంది బాంబు గురించి చెబుతారు. తుమ్మలపల్లె రైతుకు బాంబుతో పని లేదు. అతని పొలం పక్కన ఉన్న విషయం వేరు. యురేనియం పరమాణువు గర్భం చాలా బరువైనది, స్థిరంగా నిలవలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆల్ఫా కణాన్ని విసిరి మరో మూలకంగా మారిపోతుంది. ఆ కొత్తదీ నిలవదు. యురేనియం నుంచి థోరియం, థోరియం నుంచి రేడియం, రేడియం నుంచి రేడాన్ అనే వాయువు, దాని నుంచి పొలోనియం, ఇలా దిగుతూ దిగుతూ చివరికి సీసం దగ్గర ఆగుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో గడువు. యురేనియం-238 సగం తరగడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. థోరియం-230కి దాదాపు 75,000 ఏళ్లు, రేడియం-226కు 1,600 ఏళ్లు. రేడాన్‌కు నాలుగు రోజులు కూడా పట్టదు. వేంపల్లె రాయి పుట్టినప్పటి యురేనియంలో నేటికి పావు వంతు మాత్రమే తరిగింది.

అంత నెమ్మదిగా తరిగే పదార్థం నుంచి వెలువడే కిరణాలు ఏ క్షణంలో చూసినా తక్కువే. పైగా ఆల్ఫా కణం కాగితం ముక్కను దాటలేదు, మన పైచర్మాన్నే దాటలేదు. భూమిలో గట్టి రాయిగా ఉన్నంతకాలం తుమ్మలపల్లె యురేనియం దాని పైన దున్నుకున్నవాడికి పెద్దగా చేసిన కీడు లేదు. మన మట్టిలో, ఇటుకలో, గ్రానైటు మెట్టులో అంతో ఇంతో యురేనియం ఉంటుంది. సగటు మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టుల కిరణాలు తగులుతాయి. తాడిపత్రి బండ పరిచిన ఇంట్లో పడుకుంటే ఏమైనా అవుతుందా అని అడిగేవాళ్లున్నారు కనుక చెబుతున్నాను: సున్నపురాతి జాతి బండల్లో యురేనియం మామూలుగా చాలా తక్కువ. భయపడాల్సిన పని లేదు.

అసలు కీడు రాయిని పొడి చేసినప్పుడు మొదలవుతుంది. ఈ సంగతి మనిషి చాలా ఆలస్యంగా, చాలామందిని పోగొట్టుకుని తెలుసుకున్నాడు.

జర్మనీలో ష్నీబర్గ్, దాని పక్కనే కొండకు అవతల, నేటి చెక్ దేశంలో యాకిమోవ్. పదిహేను, పదహారు శతాబ్దాల్లో అవి వెండి గనులు. అక్కడ పనిచేసిన మగవాళ్లు నడివయసు దాటకుండానే దగ్గుతూ, ఆయాసపడుతూ పోయేవాళ్లు. యాకిమోవ్‌లో వైద్యుడిగా పనిచేసిన అగ్రికోలా 1556లో అచ్చయిన తన గనుల గ్రంథంలో, కార్పేథియన్ కొండల గని ప్రాంతాల్లో ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు ఉన్నారని రాశాడు. మూడు శతాబ్దాల తర్వాత, 1879లో, హార్టింగ్, హెస్సె అనే ఇద్దరు వైద్యులు ష్నీబర్గ్ కార్మికులది ఊపిరితిత్తుల క్యాన్సరని తేల్చారు. కారణం మాత్రం అప్పుడు ఎవరికీ అంతుబట్టలేదు. రేడియోధార్మికత అనేది ఒకటుందని బెకెరెల్ గుర్తించింది 1896లో.

కారణం గాలిలో ఉంది. గనిలో రాయి పగిలినప్పుడల్లా రేడాన్ బయటికొస్తుంది. రంగు లేదు, వాసన లేదు. పీల్చిన గాలిలోని రేడాన్ చాలావరకు తిరిగి బయటికే పోతుంది. దాని నుంచి పుట్టే పొలోనియం వంటివి అలా పోవు. అవి దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల గోడల మీద తిష్ఠ వేస్తాయి. బయట చర్మం దగ్గర ఆగిపోయే ఆల్ఫా కణానికి లోపల అడ్డు ఉండదు, ఎదురుగా మెత్తటి కణజాలమే. డీఎన్‌ఏ పోగులు రెండూ ఒకేచోట తెగితే జీవకణం దాన్ని చాలాసార్లు సరిగా అతికించుకోలేదు. తప్పుగా అతుక్కున్న కణం చావకుండా పెరగడం మొదలుపెడితే అది క్యాన్సర్. ఫలితం పదేళ్లకో ఇరవై ఏళ్లకో కనిపిస్తుంది. అప్పటికి మనిషి ఆ పని మానేసి ఉంటాడు, కంపెనీ మారి ఉంటాడు, ఒక్కోసారి ఊరే మారి ఉంటాడు. గనిలో దిగి బీడీ కూడా కాల్చేవాడికి ఈ ప్రమాదం ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

యాకిమోవ్ కథలో మన తుమ్మలపల్లెకు నేరుగా పనికొచ్చే మలుపు ఒకటుంది. వెండి అయిపోయాక అక్కడ పిచ్‌బ్లెండ్ అనే నల్లరాయి తవ్వి, అందులోని యురేనియంతో గాజుకు రంగులు వేసేవాళ్లు. యురేనియం తీసేశాక మిగిలిన పిప్పిని పనికిరాదని ఓ అడవి పక్కన పోశారు. మేరీ క్యూరీకి తన పరిశోధనకు రాయి కొనే స్తోమత లేదు. ఆస్ట్రియా ప్రభుత్వం ఆ పిప్పినే బస్తాల్లో పంపించింది, లోపల ఇంకా పైన్ ఆకులున్నాయి. అప్పటికే యురేనియం తీసేసిన ఆ చెత్త, యురేనియంకన్నా ఎక్కువగా కిరణాలు వెదజల్లుతోంది. టన్నుల కొద్దీ ఉడకబెట్టి, కలియబెట్టి, వడకట్టి 1902 నాటికి ఆమె రాబట్టింది గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడు. అంటే ఆమె రేడియాన్ని వేరుచేసింది గనిలోని రాయి నుంచి కాదు, గని పారేసిన వ్యర్థం నుంచి. యురేనియం తీసుకుని వెళ్లిపోతే ప్రమాదం కూడా దానితో పోతుందనే మాటకు వందేళ్ల కిందటే ఆమె ప్రయోగశాలలో జవాబు దొరికింది. 1934లో ఆమె రక్తం తయారుకాని జబ్బుతో చనిపోయింది. ఆమె నోటు పుస్తకాలను ఇప్పటికీ సీసపు పెట్టెల్లో దాచి ఉంచుతున్నారు.

అదే రేడియం క్యాన్సర్ గడ్డల్ని కాల్చడానికి మందయింది. 1950లలో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసిన క్యాన్సర్ ఆసుపత్రి పేరులోనే రేడియం ఇన్‌స్టిట్యూట్ అని ఉండేది. రాయలసీమ నుంచి ఎందరో అక్కడికి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చారు. కొలతా, హద్దూ, కాపలా ఉన్నచోట ఈ పదార్థం మేలు చేసింది. ఆ మూడూ లేకపోతే ఏమవుతుందో అమెరికాలో న్యూజెర్సీ అమ్మాయిలు చూపించారు. 1917 నుంచి గడియారం ముళ్లకు, అంకెలకు చీకట్లో వెలిగే రేడియం రంగు వేసే పని వాళ్లది. కుంచె మొన సన్నగా ఉండాలని పెదాల మధ్య పెట్టుకుని తిప్పమని నేర్పించారు. కొన్నేళ్లకు దవడ ఎముకలు పుచ్చి రాలడం మొదలైంది. రేడియం రసాయన స్వభావంలో కాల్షియంకు దగ్గరి చుట్టం. శరీరం దాన్ని కాల్షియం అనుకునే ఎముకల్లో దాచుకుంటుంది, అక్కడ అది ఏళ్ల తరబడి మూలుగును కాలుస్తుంది. యజమానులు మొదట ఒప్పుకోలేదు, పైగా ఆ అమ్మాయిల నడవడి మీద నింద వేశారు. 1928లో ఐదుగురు న్యాయస్థానంలో పోరాడి పరిహారం తీసుకున్నారు.

అనంతపురం, కడప పల్లెల్లో ఈ తరహా కీడు కొత్తేమీ కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పిల్లల పళ్లు గారపట్టడం, పెద్దల ఎముకలు బిగుసుకుపోవడం ఇక్కడివాళ్లు కళ్లారా చూశారు. నీళ్లు తియ్యగానే ఉంటాయి, విషం ఎముకలో కూర్చుంటుంది. నీళ్లలో యురేనియం చేరితే మొదట దెబ్బ కిడ్నీల మీద. అది కిరణాల వల్ల కంటే ముందు, బరువు లోహంగా దానికున్న రసాయన గుణం వల్ల జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగే నీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టింది. మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60.

ఇక తుమ్మలపల్లెకు వద్దాం. 2007లో దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలు ఇంధనం చాలక తక్కువ సామర్థ్యంతో నడుస్తున్నాయి. బయటి దేశాల నుంచి యురేనియం కొనుక్కునే దారి 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల కూటమి మినహాయింపు ఇచ్చాకే తెరుచుకుంది. ఆ ఇరుకులో ఈ పేద రాయి కూడా విలువైనదైంది. 2007 నవంబరులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 1967లో జాదుగూడ కేంద్రంగా పుట్టిన యురేనియం కార్పొరేషన్, యూసీఐఎల్, గనినీ మిల్లునీ కట్టి 2012లో నడపడం మొదలుపెట్టింది. వాలుగా దిగే సొరంగాల గుండా బెల్టుల మీద రాయి పైకొస్తుంది. మిల్లు రోజుకు 3,000 టన్నులు పిండి చేయగలదు.

జాదుగూడలో యురేనియాన్ని ఆమ్లంతో కరిగిస్తారు. ఇక్కడది డోలమైటు, సున్నపు జాతి రాయి. ఆమ్లం పోస్తే నురగలు కక్కుతూ ఆమ్లాన్నంతా రాయే తాగేస్తుంది. అందుకే ఇక్కడ సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులతో, వేడిమీద, ఒత్తిడిలో, ఆక్సిజన్ అందిస్తూ కరిగించే క్షార పద్ధతి ఎంచుకున్నారు. ఇంజనీరింగు పరంగా అది గొప్ప పనే, దాని వెనక ఉన్న శాస్త్రజ్ఞుల శ్రమను తక్కువ చేయను. తయారైన పసుపుపచ్చ సోడియం డైయురేనేటు హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు వెళుతుంది.

ఇప్పుడు ఆ 0.04 శాతం లెక్క తీయండి. మిల్లు పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున 3,000 టన్నుల రాయి లోపలికి పోతే, టన్నున్నర యురేనియం కూడా బయటికి రాదు. మిగిలినదంతా మెత్తటి బురదగా గొట్టాల్లో ప్రవహించి, గుట్టల మధ్య కట్ట కట్టిన టైలింగ్ పాండ్‌లోకి చేరుతుంది. కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, కనంపల్లె ఆ చుట్టుపక్కల ఊళ్లు. ఖనిజం మొదట వెదజల్లే రేడియోధార్మికతలో సుమారు 85 శాతం యురేనియం తీశాక కూడా పిప్పిలోనే ఉంటుందని శాస్త్రం చెబుతుంది. ఎందుకంటే మిల్లు యురేనియాన్ని తీసుకుంటుంది గానీ థోరియాన్ని, రేడియాన్ని తీసుకోదు. రేడియం 1,600 ఏళ్లకు సగమైనా, 75,000 ఏళ్ల గడువున్న థోరియం దాన్ని మళ్లీ మళ్లీ పుట్టిస్తూనే ఉంటుంది. వేంపల్లె పొరలో బిగుసుకుని ఉన్నప్పుడు వీటికి కదిలే దారి లేదు. పిండి అయ్యాక గాలికి లేస్తాయి, నీటికి దిగుతాయి.

క్షార పద్ధతిలో ఇంకో చిక్కుంది. యురేనియం కార్బొనేటుతో జట్టుకట్టి నీళ్లలో కరిగే ఉంటుంది, మట్టికి అంత తేలిగ్గా అంటుకోదు. అదే గుణం మిల్లు లోపల లాభం. అదే నీరు కట్ట దాటి భూగర్భ జలంలోకి ఇంకితే మాత్రం నష్టం. దానికి తోడు సోడియం లవణాలు. నేలలో సోడియం పెరిగితే మట్టి గట్టిపడి, నీరు దిగక, పైన తెల్లటి పొర కడుతుంది. ఉప్పు నీటిని ఓర్చుకోలేని పంటల్లో అరటి ఒకటి. పులివెందుల ప్రాంతపు బతుకంతా అరటి.

2018 నాటికి రైతుల ఫిర్యాదులు బయటికొచ్చాయి. అరటి ఎండిపోతోందని, బోరు నీళ్లు మారాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని చెప్పారు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో పనిచేసి విరమించిన శాస్త్రవేత్త కె. బాబూరావు, నీరు ఇంకకుండా పాండ్ అడుగున వేయాల్సిన పొర సంగతి పట్టుకుని అధికారులకు లేఖలు రాశారు. అడుగున బెంటొనైటు మట్టి, పాలిథీన్ షీటు వేయాలన్న షరతు పాటించలేదని 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా సంస్థకు నోటీసు ఇచ్చింది. నిపుణుల కమిటీ వచ్చింది, నమూనాలు తీసుకుంది. పాండ్ సురక్షితమేనని, పంటల నష్టానికి తమ మిల్లు కారణం కాదని యూసీఐఎల్ వాదించింది.

వాళ్ల వాదనలో ఒక భాగాన్ని తోసిపుచ్చలేం. గని లేనిచోట కూడా మన బోర్లలో యురేనియం రావచ్చు. 2018లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు రాజస్థాన్, గుజరాత్ బావుల్లో అది విస్తారంగా ఉందని చూపించారు. రాతి స్వభావం, బైకార్బొనేటు ఉన్న నీరు, నీటిమట్టం పడిపోయి గాలి తగలడం, ఇవన్నీ కలిస్తే గని అక్కర్లేదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో వెయ్యి అడుగుల బోర్లు వేసుకుంటున్న మనం ఆ ముప్పుకు దూరంగా లేం. తాడిపత్రి వాళ్లు అడిగే ఇంకో ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు: పెన్న తాడిపత్రిని దాటి వెళ్లాకే పాపఘ్ని వచ్చి దానిలో కలుస్తుంది. తుమ్మలపల్లె వైపు నీరు పాపఘ్ని వైపు పోయేది. తాడిపత్రి పెన్నలోకి ఆ నీరు ఎదురెక్కి రాదు. ఇక్కడి బోర్లు పరీక్షించుకోవాల్సింది ఇక్కడి రాయి కోసమే.

కానీ యూసీఐఎల్ వాదన ఒక దగ్గర నిలబడదు. నీళ్లలో యురేనియం ముందునుంచీ ఉందా, తర్వాత వచ్చిందా అని తేల్చాలంటే గని తవ్వకముందు ప్రతి ఊళ్లో ప్రతి బోరు నీరు పరీక్షించి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. ఎవరి కిడ్నీ ఎలా ఉందో, ఎవరి ఛాతీ ఎలా ఉందో ముందే నమోదై ఉండాలి. అవి ఊరివాళ్ల చేతిలో లేవు. ష్నీబర్గ్‌లో లేవు, న్యూజెర్సీలో లేవు, ఇక్కడా లేవు. ఎక్కడ చూసినా రుజువు చూపించమని జబ్బుపడినవాళ్లనే అడిగారు. పాలిథీన్ పరవాల్సింది బురద పోయకముందు. పోసిన తర్వాత ఆ అడుగుకు చేరడం అసాధ్యమని గట్టు కట్టిన ప్రతి మేస్త్రీకీ తెలుసు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. దేశానికి కరెంటు కావాలి, నిజమే. ఆ కరెంటు వాడుకునే నగరం ఎక్కడో ఉంటుంది. 75,000 ఏళ్ల గడువున్న థోరియం మాత్రం కె.కె. కొట్టాల పొలిమేరలో ఉంటుంది. అలాంటప్పుడు అంకెలు మొదట చూడాల్సిన హక్కు కె.కె. కొట్టాలది.

తుమ్మలపల్లె అనుభవం మిగతా తెలుగు నేలకు చేరింది. అంతకుముందే 2003లో నల్లగొండ జిల్లా లంబాపూర్–పెద్దగట్టు ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా ఎదిరించారు. నాగార్జునసాగర్ నీళ్ల పక్కన ఆ గని ముందుకు సాగలేదు. నల్లమల అమ్రాబాద్ పులుల అడవిలో అన్వేషణ మాట వచ్చినప్పుడు, 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. 2024 చివరలో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో 68 బోర్లు వేసే ప్రతిపాదన బయటపడగానే చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కాయి, రాష్ట్ర ప్రభుత్వం ఆ పనిని ఆపింది.

తుమ్మలపల్లెలో గని ఉంది, మిల్లు ఉంది, పాండ్ ఉంది. అక్కడ వద్దనే దశ దాటిపోయింది. ఇప్పుడు చేయగలిగినది స్పష్టమే: చుట్టూ ఉన్న ఊళ్ల బోర్లను ఏటా రెండుసార్లు, వానకు ముందూ వానకు తర్వాతా, సంస్థతో సంబంధం లేని ప్రయోగశాలలో పరీక్షించి యురేనియం, రేడియం, సోడియం అంకెలను ఊళ్లోనే ప్రకటించాలి. గనిలో దిగిన ప్రతివాడి కిరణాల మోతాదు పుస్తకం వాడి చేతిలో ఉండాలి, శాశ్వత ఉద్యోగి అయినా కాంట్రాక్టు కూలి అయినా. అణుశక్తి నియంత్రణ మండలి కార్మికుడికి పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. కాంట్రాక్టు మారినప్పుడు ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు కాకూడదు. పని మానేసిన ఇరవై ఏళ్లకు కూడా వాడి ఛాతీ ఎక్స్‌రే ఖర్చు సంస్థే పెట్టుకోవాలి.

వచ్చే భాగం: మంగంపేట ముగ్గురాయి